పామాయిల్ గెలల ధర పడటానికి ఆసియాన్ ఒప్పందమే కారణమా? కంపెనీలకి తగ్గించిన పన్ను ఎవరికి చేరింది?

గెలలబండి
2025 మే 30న ముడి పామాయిల్ దిగుమతి మీద బేసిక్ సుంకం 20 నుంచి 10 శాతానికి కోసేశారు. గెలల ధర మళ్లీ దిగుముఖం పట్టింది. మా ఏలూరు వైపు ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒకటే మాట: ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి)తో వాణిజ్య ఒప్పందం ఉన్నంతకాలం పామాయిల్ రైతు బాగుపడడు, దాన్ని రద్దు చేయించాలి. రెండోది, 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22కి దించారు కదా. మిల్లుకి అంత మిగిలినప్పుడు టన్నుకి వందో రెండొందలో రైతుకి ఎందుకు రాలేదు? సంఘం తరఫున అర్జీ రాస్తున్నాం. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

లెక్కలపంతులు
రద్దు చేయించే ముందు ఒప్పందంలో ఏముందో చూడండి. ఆసియాన్ సరుకుల ఒప్పందం మీద 2009 ఆగస్టులో సంతకాలయ్యాయి, 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పామాయిల్‌ని మనవాళ్లు మామూలు జాబితాలో పెట్టలేదు, ప్రత్యేక ఉత్పత్తుల కింద పెట్టి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆఖరి మెట్టు 2020 జనవరి 1: ముడి నూనెకి 37.5 శాతం, రిఫైన్డ్‌కి 45 శాతం. అంటే ఒప్పందం ప్రకారం ముడి నూనె మీద ఈ రోజుకీ 37.5 దాకా వేసుకోవచ్చు.

ఇప్పుడు వేస్తున్నదెంత? బేసిక్ 10, వ్యవసాయ సెస్సు 5, ఆ రెండిటి మీద పదో వంతు సర్‌ఛార్జి 1.5. మొత్తం 16.5. గరిష్ఠానికి ఇంకా 21 పాయింట్ల దూరంలో ఉన్నాం. ఈ 21 పాయింట్లని వదులుకోమని మలేసియా అడగలేదు, ఇండోనేసియా అడగలేదు. ధరలు పెరిగాయని ఢిల్లీలో మనమే వదులుకున్నాం.

2021 ఒక్క ఏడాది చూస్తే చాలు. ఫిబ్రవరిలో మొత్తం సుంకం 35.75. జూన్ ఆఖరుకి 30.25. సెప్టెంబర్‌లో 24.75. అక్టోబర్‌లో 8.25. 2022 ఫిబ్రవరికి 5.5. ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు.

అశ్వారావుపేట57
పంతులుగారు చెప్పింది నిజమే గానీ ఒకటి మరుస్తున్రు. 2024 సెప్టెంబర్‌లో 5.5 నుంచి 27.5కి పెంచినప్పుడు గెలల ధర 14 వేల చిల్లర నుంచి కొన్ని నెలల్లోనే 20 వేలు దాటింది. అందులో సుంకం వాటా కొంతే, అంతర్జాతీయ ధర కూడా అప్పుడే పెరిగింది. రెండూ కలిపి చూడకపోతే అర్జీలో లెక్క తప్పుతది.

నూనెగిన్నె
57 అంటే మీ వయసా అన్నా?

అశ్వారావుపేట57
ఎకరానికి మొక్కలు. 9 మీటర్ల త్రికోణంలో వేస్తే హెక్టారుకు 143, ఎకరాకు 57. నా వయసు అంతకంటె తక్కువే.

లెక్కలపంతులు
57 గారూ, ఆ లెక్క విడదీసి చూపిస్తాను.

దిగుమతి సుంకం కంపెనీ బిల్లు మీద వేయరు. కస్టమ్స్ బోర్డు 15 రోజులకోసారి టన్నుకి ఇన్ని డాలర్లని టారిఫ్ విలువ ప్రకటిస్తుంది, దాని మీద వేస్తారు. లెక్క తేలిగ్గా ఉండటానికి టారిఫ్ విలువ 1,000 డాలర్లు, డాలరు 86 రూపాయలు అనుకుందాం. టన్ను 86,000. 27.5 శాతం అయితే సుంకం 23,650. 16.5 అయితే 14,190. తేడా 9,460.

జాతీయ వంటనూనెల మిషన్‌లోని పామాయిల్ సూత్రం ప్రకారం గెలల ధర అంటే ముడి నూనె ధరలో 14.3 శాతం. 9,460లో 14.3 శాతం సుమారు 1,350. మిగతావేవీ కదలకుండా సుంకం ఒక్కటే మారినా టన్ను గెలకి పోయేది అంత. ఎకరాకి 8 టన్నులు వస్తే దాదాపు 10,800. గెలల ధర నెలకోసారి తేలుతుంది కాబట్టి మే 30 దెబ్బ మీకు ఒకేసారి కనబడదు, సరాసరిలో కలిసి వస్తుంది.

వంటింటి_లెక్క
అదే 9,460ని అటువైపు నుంచి చూడండి. 5 శాతం జీఎస్టీ కలిపితే కిలోకి 10 రూపాయలకు కాస్త తక్కువ, లీటరుకి 9. మన దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనె దిగుమతి చేసుకుంటుంది, అందులో సగానికి అటూ ఇటూ పామాయిలే. హాస్టళ్లు, టిఫిన్ బళ్లు, బిస్కెట్ ఫ్యాక్టరీలు నడిచేది దాని మీదే. రైతు ఒక్కడే మనిషా? కొనుక్కునేవాడు కాడా?

గెలలబండి
ఆ 9 రూపాయలు కొనుక్కునేవాడికి దక్కాయా మరి? మా ఊళ్లో ప్యాకెట్ మీద 2 రూపాయలు తగ్గింది.

వంటింటి_లెక్క
దక్కాలనే కదా ఆహార శాఖ నూనె కంపెనీల సంఘాలకి లేఖ రాసింది, డిస్ట్రిబ్యూటర్ ధర, ఎమ్మార్పీ రెండూ తగ్గించమని. లేఖే, చట్టం కాదు. పాత సుంకం కట్టిన సరుకు ట్యాంకుల్లో ఉందంటారు. పెంచేటప్పుడు మాత్రం ఆ పాత సరుకు ఎవరికీ గుర్తురాదు.

కాకినాడ_రేవు
ఇక్కడెవరూ ముట్టుకోని విషయం, ముడి నూనెకి, రిఫైన్డ్‌కి మధ్య తేడా. రైతు చూసేది ఒక్క అంకె, రిఫైనరీ చూసేది రెండు అంకెల మధ్య దూరం. 2024 సెప్టెంబర్ ముందు ముడి 5.5, రిఫైన్డ్ 13.75, తేడా 8.25. సెప్టెంబర్ తర్వాత 27.5, 35.75, మళ్లీ 8.25. అంత హడావుడిగా పెంచినా రిఫైనరీకి ఒరిగింది సున్నా. మే 30 తర్వాత ముడి 16.5, రిఫైన్డ్ మాత్రం 35.75 దగ్గరే ఉంచారు. తేడా 19.25.

ఆ దూరం ఎందుకంటే, ఇండోనేసియా ముడి నూనె ఎగుమతి మీద ఎక్కువ లెవీ, రిఫైన్డ్ మీద తక్కువ లెవీ వేస్తుంది. ఫ్యాక్టరీ పని వాళ్ల దేశంలోనే జరగాలని. మన తేడా సన్నగా ఉంటే రిఫైన్డ్ సరుకే ఓడలో దిగుతుంది, కాకినాడ, కృష్ణపట్నం ప్లాంట్లు ప్యాకింగ్ షెడ్లుగా మిగులుతాయి. హమాలీ దగ్గర్నుంచి బాయిలర్ ఆపరేటర్ దాకా పని పోతుంది. మే 30 నిర్ణయం రైతుకి చేదు, రేవుకి తీపి.

పచ్చిమిర్చి_గుంటూరు
ఒప్పందం రద్దు అని అర్జీలో రాసేవాళ్లు మా వైపు కూడా ఒకసారి చూడండి. మన ఎండుమిర్చి కొనేవాళ్లలో థాయిలాండ్, ఇండోనేసియా, మలేసియా ముందు వరసలో ఉంటాయి. పామాయిల్ కోసం తలుపు మూస్తే వాళ్లు మాకు మూస్తారు. ఒప్పందం అంటే ఒక్క పంట కాదండీ.

దమ్మపేట_రాజు
మిర్చి మీకు నడుస్తది, మా ధర పడుతది. రెండూ ఒకే రాష్ట్రాల రైతులే గదా, ఒకరి లాభం కోసం ఒకరు ఎందుకు మునగాలె?

లెక్కలపంతులు
మునగాల్సిన అవసరమే లేదు. 37.5 దాకా చోటుంది కాబట్టి మిర్చిని కదిలించకుండానే గెలల ధర నిలబెట్టొచ్చు. ఇంకో మాట: ఒప్పందం తీసేస్తే పామాయిల్ మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో మన గరిష్ఠం 300 శాతం. వినడానికి బాగుంటుంది. కానీ సోయా నూనెకి అక్కడ 45 దగ్గర కట్టు ఉంది. పామాయిల్‌ని 45 దాటిస్తే దిగుమతిదారు అర్జెంటీనా సోయా తెచ్చుకుంటాడు, గెలల ధర అంగుళం లేవదు.

గెలలబండి
ఇది నాకు కొత్త. సరే, రద్దు సంగతి పక్కన పెడదాం. పన్ను మాటకి ఎవరైనా జవాబు చెప్పండి.

సీఏ_బెజవాడ
2019 సెప్టెంబర్ 20 ఆర్డినెన్సు. 115బీఏఏ సెక్షన్ కింద బేసిక్ 22, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు కలిపి 25.17 శాతం. అంతకు ముందు పెద్ద కంపెనీకి అన్నీ కలిపి 34.94. నూరు రూపాయల లాభంలో 9.77 మిగిలింది. 2019 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన తయారీ కంపెనీకైతే 115బీఏబీ కింద 17.16 శాతమే. 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టాలని షరతు, తర్వాత పొడిగించలేదు.

ఇక రైతుకి ఎందుకు రాలేదు అంటే, గెలల ధర మిల్లు లాభానికి ముడిపడి లేదు, నూనె ధరకి ముడిపడి ఉంది. 14.3 శాతం సూత్రంలో పన్ను అనే గడే లేదు. పైగా ఆంధ్రప్రదేశ్ 1993 పామాయిల్ చట్టం ప్రకారం మండలాలు ఫ్యాక్టరీ జోన్లుగా పంచి ఉన్నాయి. మీ గెల మీ జోన్ మిల్లుకే. కోశాక 24 గంటల్లో మిల్లు ఎక్కకపోతే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ పెరిగి నూనె పాడవుతుంది కాబట్టి దాచుకుని బేరమాడే వీలూ లేదు. కొనేవాడు ఒక్కడే ఉన్నచోట వాడికి పన్ను తగ్గితే అది వాడి జేబులోనే ఉంటుంది.

మొగల్తూరు_శీను
పన్ను తగ్గిస్తే కంపెనీలు కొత్త ఫ్యాక్టరీలు పెడతాయి, మిల్లులు పెరిగితే పోటీ పెరుగుతుంది అన్నారు కదా అప్పట్లో?

సీఏ_బెజవాడ
జోన్ విధానంలో పోటీ ఎక్కడిదండీ? పక్క జోన్‌లో మిల్లు వస్తే పక్క జోన్ వాడికి.

ఇంకో సంగతి, అందరూ 22కి మారలేదు. అప్పటి నిబంధనల్లో మారితే అదనపు తరుగుదల, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) మినహాయింపు లాంటివి వదులుకోవాల్సి వచ్చేది, పోగుపడిన మ్యాట్ (కనిష్ఠ ప్రత్యామ్నాయ పన్ను) క్రెడిట్ చచ్చిపోయేది. ఒకసారి మారాక వెనక్కి లేదు. రిటర్ను గడువు లోపు ఫారం 10-ఐసీ ఆన్‌లైన్‌లో వేయాల్సి ఉండేది. రిటర్నులో 22 అని టిక్ పెట్టి ఫారం మర్చిపోయినవాళ్లకి 30 శాతం లెక్కన డిమాండ్ నోటీసులు వచ్చాయి. వాళ్ల కోసం ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆలస్యాన్ని మన్నిస్తూ సర్క్యులర్లు ఇవ్వాల్సి వచ్చింది.

రాష్ట్రం_వాటా
మీరిద్దరూ మిల్లు, రైతు మధ్యే తిరుగుతున్నారు. మూడో మనిషి రాష్ట్రం.

రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం కేంద్రం వసూలు చేసే పన్నులో రాష్ట్రాలకి వాటా ఉంది, 2021-26కి 15వ ఆర్థిక సంఘం లెక్కన 41 శాతం. అందులో ఆంధ్రప్రదేశ్‌కి 4.047, తెలంగాణకి 2.102. సెస్సులు, సర్‌ఛార్జీలు మాత్రం ఆ కుండలో పడవు, అన్నీ కేంద్రానికే.

ఇప్పుడు పంతులుగారి 2021 లెక్క మళ్లీ తీయండి. సెప్టెంబర్‌లో 24.75 ఎలా వచ్చింది? బేసిక్ 2.5, వ్యవసాయ సెస్సు 20, మిగతాది సర్‌ఛార్జి. నూరు రూపాయల నూనె మీద 24.75 వసూలైతే రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మొత్తం 2.5. అక్టోబర్‌లో బేసిక్‌ని సున్నా చేశారు, సెస్సు ఉంచారు. అంటే మూడేళ్లపాటు ముడి పామాయిల్ సుంకంలో రాష్ట్రాలకి ఒక్క పైసా లేదు. పేరు చూస్తే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు.

కంపెనీల పన్నుదీ అదే దారి. 2019లో కోసింది బేసిక్‌ని, అంటే పంచుకునే భాగాన్ని. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడు కేంద్రమే ప్రకటించింది. దాంతో రాష్ట్రాల ఆసుపత్రి, బడి, కాలువ డబ్బు కూడా తెగింది.

సీఏ_బెజవాడ
అక్కడ ఆగండి. కోత పడ్డ మాట నిజం, కానీ వసూళ్లు తిరిగి లేచాయి కదా. 2018-19లో 6.64 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 5.57కి పడింది, కోవిడ్ ఏడాది 4.58. తర్వాత 7.12, 8.26, 2023-24లో 9.11. రేటు తగ్గినా కుండ నిండింది.

రాష్ట్రం_వాటా
రూపాయల్లో నిండింది. జీడీపీతో చూడండి. 2018-19లో 3.5 శాతం, 2023-24లో 3.1. ఈలోపు వ్యక్తిగత ఆదాయ పన్ను 10.44 లక్షల కోట్లకి చేరి కంపెనీల పన్నుని దాటేసింది. జీతగాళ్లు కంపెనీల కంటే ఎక్కువ కడుతున్న దేశం మనది ఇప్పుడు.

నూనెగిన్నె
జీతగాణ్ణి, ధ్రువీకరిస్తున్నాను.

సీఏ_బెజవాడ
ఆ 10.44లో షేర్ల లావాదేవీల పన్ను కూడా కలిసి ఉంది. ప్రొప్రైటర్ల, వ్యాపారుల పన్ను కూడా ఉంది. అంతా జీతాలది కాదు. అయినా 3.5, 3.1 అంకెలతో నాకు పేచీ లేదు.

పెరాక్_తెలుగు
మలేసియా నుంచి. మా దగ్గర లెక్క తిరగేసి ఉంటుంది. ముడి నూనె ధర పెరిగితే ప్రభుత్వం ఎగుమతి సుంకం పెంచుతుంది. 2024 నవంబర్ నుంచి టన్ను 4,050 రింగిట్లు దాటితే 10 శాతం, అంతకు ముందు గరిష్ఠం 8. కంపెనీ పన్ను 24 ఎలాగూ ఉంది. దానికి తోడు ధర బాగా ఎగిరినప్పుడు వేసే విండ్‌ఫాల్ లెవీ: ద్వీపకల్పంలో 3,150, సబా, సరవాక్‌లలో 3,650 రింగిట్లు దాటిన భాగం మీద 3 శాతం. అదీ 100 ఎకరాలకు పైబడిన తోటలకే, చిన్న రైతుకి లేదు. ధర ఎగిరినప్పుడు పెద్ద ఎస్టేటు నుంచి తీసుకుంటారు. మీ దగ్గర ధర ఎగిరినప్పుడు సుంకం తగ్గించి రైతు నుంచి తీసుకుంటున్నారు అనిపిస్తోంది నాకు.

దమ్మపేట_రాజు
సరిగ్గ చెప్పినవ్ అన్నా.

కాకినాడ_రేవు
పెరాక్ గారి మాటకి ఒక తోక. ఒప్పందం, పన్ను రెండూ కలిసే చోటు ఇంకొకటి ఉంది. సరుకు జోహోర్‌లో ఓడ ఎక్కుతుంది, సరుకు ఏ దేశానిదో చెప్పే మూల ధ్రువపత్రం మలేసియాది, బిల్లు మాత్రం సింగపూర్‌లోని సొంత ట్రేడింగ్ కంపెనీది. ఆసియాన్ నిబంధనల్లో మూడో దేశపు బిల్లుకి అనుమతి ఉంది, ఆ ధ్రువపత్రం ఫారం ఏఐలో ఆ గడిలో టిక్ పెడితే చాలు. సింగపూర్ మామూలు పన్ను 17, ట్రేడింగ్ కంపెనీలకి ప్రత్యేక పథకంలో 5, 10 శాతాలకి కూడా దొరుకుతుంది. లాభం ఎక్కడ కూర్చుంటుందో చెప్పక్కర్లేదు.

సీఏ_బెజవాడ
అక్కడే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఆఫీసరు, అంటే ఒకే గ్రూపు కంపెనీల మధ్య ధరలు తనిఖీ చేసేవాడు, వస్తాడు. కస్టమ్స్‌కి టారిఫ్ విలువ ఉంది కాబట్టి బిల్లులో ఎంత రాసినా సుంకం మారదు. ఆదాయ పన్నుకి ఆ విలువ వర్తించదు, బిల్లు పెంచితే ఇక్కడి లాభం తగ్గుతుంది. పామాయిల్‌కి రోజువారీ మార్కెట్ ధర బయటే ఉంటుంది కనుక పట్టుకోవడం సాఫ్ట్‌వేర్ కంపెనీలంత కష్టం కాదు. గొడవంతా తేదీ మీద: ఒప్పందం కుదిరిన రోజు ధరా, ఓడ ఎక్కిన రోజు ధరా. రెండు వారాల్లో 50 డాలర్లు కదిలే సరుకు ఇది. పెద్ద గ్రూపులకి 2025 నుంచి సింగపూర్ 15 శాతం కనిష్ఠ పన్ను తెచ్చింది, 5 శాతం ఆట వాళ్లకి ఇక సాగదు.

మొగల్తూరు_శీను
నేపాల్ దారి సంగతి ఎవరూ ఎత్తలేదేం? అక్కడ పామాయిల్ చెట్టే లేదు, అయినా అక్కణ్ణుంచి రిఫైన్డ్ వచ్చింది.

లెక్కలపంతులు
మంచి ప్రశ్న. సాఫ్టా (దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద నేపాల్, బంగ్లాదేశ్ లాంటి దేశాల సరుకుకి సుంకం సున్నా, అక్కడ కనీసం 30 శాతం విలువ జోడించి ఉండాలి. ముడి నూనె తెచ్చి రిఫైన్ చేస్తే నిజంగా 30 శాతం పెరుగుతుందా? మామూలు రిఫైనింగ్ మార్జిన్లతో పెరగదు. ఇక్కడ సుంకం ఎంత ఎక్కువుంటే ఆ దారికి అంత లాభం. 2020 మేలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అలాంటి దిగుమతి లైసెన్సులు నిలిపేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 21 నుంచి సరుకు మూలాన్ని తేల్చే కారోటార్ కస్టమ్స్ నిబంధనలు వచ్చాయి: ధ్రువపత్రం చేతిలో ఉంటే సరిపోదు, విలువ ఎలా జోడించారో దిగుమతిదారే ఫారం 1లో చెప్పాలి, కాగితాలు 5 ఏళ్లు దాచాలి. గెలలబండి గారూ, సుంకం పెంచమని అడిగేటప్పుడు ఈ కన్నం కూడా రాయండి, లేకపోతే పెంచింది ఆ కన్నంలోంచి కారిపోతుంది.

అశ్వారావుపేట57
ధర పడితే తేడా ఇస్తమని మిషన్‌లో వయబిలిటీ ప్రైస్ పెట్టిన్రు గదా. 5 ఏళ్ల నూనె సరాసరిని టోకు ధరల సూచీతో సరిచేసి 14.3 శాతం. నవంబర్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా ఒకటే రేటు. నెల ధర దానికంటె తక్కువైతే తేడా ఖాతాలో పడాలె. ఇది 2037 నవంబర్ 1 దాకే. మొక్క నాలుగో ఏట కాపుకొస్తది, 25 ఏళ్లు కాస్తది. ఈ ఏడు పెట్టినోడికి కాపులో సగానికి పైగా భరోసా లేదు.

గెలలబండి
అర్జీ ముసాయిదా ఇలా మార్చాను, చూడండి. ఒప్పందం రద్దు అన్నది తీసేశాను. ముడి నూనె మొత్తం సుంకం 27.5 కంటే దిగకూడదు, అంతర్జాతీయ ధర పడితే 37.5 దాకా దానంతటదే పెరిగే సూత్రం కావాలి. పెంచేది బేసిక్‌లోనే పెంచాలి, సెస్సులో కాదు. వయబిలిటీ ప్రైస్ గడువు తోట వయసుకి కట్టాలి. నేపాల్ దారి మీద నిఘా. కంపెనీల పన్ను గురించి ఏం రాయాలో తెలియడం లేదు.

సీఏ_బెజవాడ
పన్ను రేటు జోలికి పోకండి, మీ అర్జీని ఎవరూ చదవరు. సూత్రంలో రైతు వాటా అడగండి. మిల్లులు చెల్లించే 14.3 శాతాన్ని కాలక్రమంలో 15.3కి తీసుకెళ్తామని 2021లో మిషన్ ప్రకటించినప్పుడే చెప్పారు. తేదీ చెప్పలేదు. పన్నులో 9.77 మిగిలినవాళ్లు ఆ ఒక్క శాతం ఇప్పుడే ఇవ్వగలరని రాయండి. నూనె లక్ష రూపాయలుంటే టన్ను గెలకి 1,000 అదనం.

వంటింటి_లెక్క
27.5 కనిష్ఠం అంటే నేను ఒప్పుకోను. 2022 ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేసియా ఎగుమతులు ఆపేసినప్పటి లాంటి ధరలు వస్తే ఏం చేస్తారు? సూత్రం కిందకీ పనిచేయాలి.

గెలలబండి
కిందకి ఎంత?

వంటింటి_లెక్క
గెలల ధర వయబిలిటీ ప్రైస్‌కి ఒకటిన్నర రెట్లు దాటితే సుంకం 16.5 దాకా దిగొచ్చని పెట్టండి. అప్పుడు మా హాస్టల్ వంటవాళ్లు కూడా సంతకం పెడతారు.

దమ్మపేట_రాజు
ఒకటిన్నర తక్కువ. ఒకటీ ముప్పావు.

కాకినాడ_రేవు
ఎంతైనా పెట్టుకోండి, ఒప్పందంలోని 45 గరిష్ఠం ఒప్పుకున్నంత వరకు ముడికి, రిఫైన్డ్‌కి తేడా 19.25 కదలకూడదని ఒక వాక్యం చేర్చండి. మా వైపు నుంచి సంతకాలు నేను తెస్తా. అర్జీ వ్యవసాయ శాఖకి పంపితే అక్కడే ఆగుతుంది. సుంకం నోటిఫికేషన్ ఇచ్చేది ఆర్థిక శాఖలో రెవెన్యూ విభాగం, అసలు ప్రతి వాళ్లకి, కాపీలు వ్యవసాయ, ఆహార శాఖలకి.